పారవేసే చిట్టెంలో పసిడి లెక్క

జంషెడ్‌పూర్ వాసులకు స్లాగ్ కొత్త మాట కాదు. 1911 డిసెంబరులో ఇక్కడి బ్లాస్ట్ ఫర్నేసు నుండి తొలిసారి ఇనుము వెలువడిన నాటి నుండి దానిపై తేలే స్లాగ్ కూడా ఈ ఊరికి పరిచయమే. మన పల్లెలలో కొలిమి పక్కన పడి ఉండే చిట్టెం దాని జాతిదే. అయితే చేతిలో ఇమిడే చిన్న మూసలోని చిట్టెంపై బంగారపు లెక్క ఆధారపడి ఉంటుందన్న విషయాన్ని పాఠకులకు పరిచయం చేయదలచాము.

జంషెడ్‌పూర్‌కు దిగువన, సువర్ణరేఖా నది ఒడ్డున, ఘాట్‌శిలా వద్ద మౌభండార్ ఉన్నది. 1930లో ప్రారంభమైన అక్కడి రాగి కర్మాగారం 1972లో ప్రభుత్వ రంగంలోకి వచ్చి హిందుస్థాన్ కాపర్ సంస్థలో చేరినది. విద్యుత్తుతో రాగిని శుద్ధి చేసేటప్పుడు తొట్టి అడుగున చేరిన మడ్డి నుండి అక్కడ బంగారం, వెండి రాబట్టారు. ఇటువంటి పదార్థంలోనైనా, గని నుండి వచ్చిన ఖనిజంలోనైనా పసిడి ఎంత ఉన్నదో తేల్చే పాత పద్ధతి ఫైర్ అస్సే. ఒక విధంగా ఇది బంగారానికి అగ్నిపరీక్ష.

మెత్తగా నూరిన నమూనాకు లిథార్జి అనే సీసపు ఆక్సైడు, సోడా, వెలిగారం, ఇసుక పొడి, కొద్దిగా గోధుమపిండి కలిపి, మట్టి మూసలో 1,000 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా కరిగిస్తారు. పిండిలోని కర్బనం లిథార్జి నుండి సీసాన్ని విడిపిస్తుంది. ఆ సీసపు చినుకులు కిందికి దిగుతూ బంగారాన్ని, వెండిని తమలో కలుపుకొంటాయి. తక్కినది చిట్టెమై పైన తేలుతుంది. చల్లారిన పిమ్మట చిట్టెం రాలగొట్టి, సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన గిన్నెలో కాలుస్తారు. సీసం గిన్నెలోకి ఇంకిపోయి చిన్న పూస మిగులుతుంది. నత్రికామ్లంతో అందులోని వెండిని తొలగించి, మిగిలిన బంగారాన్ని తూస్తారు.

అరిసెలకు పాకం పదును ఎంత ముఖ్యమో, ఇక్కడ చిట్టెం పదును అంత ముఖ్యం. కాగినప్పుడు అది పలుచగా జారవలెను. చల్లారినప్పుడు గాజు వలె ఒకే తీరుగా ఉండి, సీసాన్ని శుభ్రంగా విడువవలెను. ఇసుక మితిమీరితే చిట్టెం చిక్కబడి సీసపు చినుకులు అందులోనే నిలిచిపోతాయి. ఇసుక చాలకపోతే లిథార్జి మూస గోడలనే తినివేస్తుంది. గంధకం అధికంగా ఉన్న ఖనిజమైతే సీసానికి, చిట్టెానికి నడుమ పెళుసైన పొర ఏర్పడి కొంత బంగారాన్ని పట్టుకుంటుంది. దీని నివారణకు తగు మోతాదులో సురేకారమో, ఇనుప మేకులో వేస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకు? టన్నుకు 5 గ్రాముల బంగారమున్న ఖనిజం నుండి 30 గ్రాముల నమూనా తీసుకుంటే అందులోని పసిడి 0.15 మిల్లీగ్రాము మాత్రమే. చిట్టెంలో 0.03 మిల్లీగ్రాము చిక్కుకుంటే ఫలితం టన్నుకు 4 గ్రాములుగా వస్తుంది. రోజుకు 1,000 టన్నులు తవ్వే గనిలో కాగితంపై కిలో బంగారం మాయమైనట్లే! ఆ లెక్కను నమ్మి తవ్వదగిన పొరను వదలివేసే ప్రమాదమూ ఉన్నది.

అందుచేత అనుభవజ్ఞుడైన పరీక్షకుడు చిట్టెాన్ని చూడకుండా పారవేయడు. పగులగొట్టి, లోపల సీసపు రవ్వలేమైనా మెరుస్తున్నాయేమో పరిశీలిస్తాడు. అనుమానం కలిగితే దానినే నూరి మరల కరిగిస్తాడు. దక్కినదాన్ని తూచే ముందు, పోయేదాన్ని ఒకసారి చూడడం ఏ పనిలోనైనా మనకు మేలే.