ఫైలు ఎంత ఉందో ముందు చూసుకోండి: సి ప్రోగ్రాం రాసే పిల్లల కోసం



2022 జూలైలో గోదావరి వరద నీళ్లు యానాం వీధుల్లోకి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ముసలివాళ్లెందరు, పసిపిల్లలెందరు అనే జాబితా చాలా అవసరం. మన పిల్లల్లో ఒకరు అగ్రహారం ఇళ్ల వివరాలను తెలుగులో దాచే చిన్న ప్రోగ్రాం సి భాషలో రాశారనుకోండి. ఆ జాబితాలోంచి కొన్ని ఇళ్లు చెప్పాపెట్టకుండా మాయమైపోవచ్చు. ఎందుకో చూద్దాం.

లినక్స్‌లో ఎమ్‌మ్యాప్ అనే ఫంక్షన్ ఉంది. అది ఫైలును ప్రోగ్రాం మెమరీలోనే ఉన్నట్టు చూపిస్తుంది. అక్కడ మార్చింది ఫైల్లోకి చేరుతుంది. ఈ పని పేజీల లెక్కన జరుగుతుంది. మనం మామూలుగా వాడే ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లలో ఒక పేజీ 4096 బైట్లు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక్కో ఇంటికి 100 బైట్లు. ఫైల్లో 50 ఇళ్లున్నాయి, అంటే 5000 బైట్లు. మరో 50 ఇళ్లు చేర్చాలని 10000 బైట్లకు మ్యాప్ అడిగారు. ఎమ్‌మ్యాప్ అడ్డు చెప్పదు. కానీ ఫైలు మాత్రం పెరగదు. 5000 బైట్ల ఫైలుకు రెండు పేజీలు, అంటే 8192 బైట్ల వరకే ఆధారం ఉంటుంది. 51వ ఇల్లు మొదలుకొని 81వ ఇంటి దాకా రాస్తే ఏ తప్పూ చూపించదు. స్క్రీన్ మీద కూడా కనబడతాయి. కానీ అవేవీ ఫైల్లోకి ఎక్కవు. 82వ ఇంటి చివరి 8 బైట్లు రెండో పేజీ దాటతాయి. అక్కడ ప్రోగ్రాం ‘బస్ ఎర్రర్’ అని ఆగిపోతుంది.

పిల్లలు 82వ ఇంటి దగ్గరే తప్పు వెతుకుతారు. అసలు నష్టం 51వ ఇంటి దగ్గరే మొదలైంది. ఆగిపోయిన ప్రోగ్రాం కన్నా, ఆగకుండా నడిచి అబద్ధం చెప్పే ప్రోగ్రాం ప్రమాదం.

సరిచేసే పద్ధతి ఇదీ:

1. ఎఫ్‌స్టాట్‌తో ఫైలు అసలు సైజు తెలుసుకోండి. చాలకపోతే, మ్యాప్ చేసే ముందే ఎఫ్‌ట్రంకేట్‌తో 10000 బైట్లకు పెంచండి.

2. ఎమ్‌మ్యాప్ విఫలమైతే నల్ ఇవ్వదు, మ్యాప్ ఫెయిల్డ్ అనే విలువ ఇస్తుంది. దాంతోనే పోల్చండి. వెంటనే పెర్రర్ పిలిస్తే కారణం తెలుస్తుంది. ‘ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అని వస్తే పొడవు 0 ఇచ్చారేమో, ఆఫ్‌సెట్ పేజీ సైజు గుణిజం కాదేమో చూడండి. ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే ఫైలును చదవడానికి మాత్రమే తెరిచి, రాస్తామని అడిగారేమో చూడండి.

3. మార్పులు ఫైల్లోకి చేరాలంటే మ్యాప్ షేర్డ్ వాడాలి. మ్యాప్ ప్రైవేట్ వాడితే చేరవు.

4. పని అయ్యాక ఎమ్‌సింక్ పిలవండి. లేకపోతే హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు కొత్త మార్పులు పోవచ్చు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. ‘అగ్రహారం’ అనే మాటలో మనకు కనబడేవి నాలుగు అక్షరాలే. యూటీఎఫ్‌-8లో మాత్రం అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా దేనికది మూడేసి బైట్లు తీసుకుంటాయి. మొత్తం 24 బైట్లు. పేరుకు 20 బైట్లే కేటాయిస్తే మాట మధ్యలో తెగుతుంది, చివర అర్థంకాని గుర్తొస్తుంది. కొలత తప్పితే పక్క ఇంటి వివరాల మీద కూడా రాసేస్తుంది. అందుకని అక్షరాలు కాదు, బైట్లు లెక్కపెట్టండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ప్రోగ్రాం మధ్యలో ఆగిందని పిల్లలను కసరకండి. “ఫైలు సైజు చూశావా? అసలు ఫైలుకు కాపీ తీసిపెట్టావా?” అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు మీకు సి భాష రానక్కర్లేదు.

పిల్లలూ, 51వ పేరు చేర్చాక ప్రోగ్రాం మూసేసి, మళ్లీ తెరిచి చూడండి. ఆ ఇల్లు అక్కడ ఉంటేనే మీ పని అయినట్టు.