మగవాడికి ముగ్గు ఇష్టం కాకూడదా?

ఒక ఊరు అనుకుందాం. పొదుపు సంఘం మీటింగు అయిపోయింది. లెక్క సరిపోయింది. పుస్తకాలు మూసేశారు. అందరూ లేచారు. ఒక అక్క మాత్రం లేవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూచుంది.

"ఏమైంది వదినా?" అని పక్కనున్నామె అడిగింది.

"ఏం చెప్పను? మా పెద్దపిల్ల సంగతి మీకు తెలిసిందే కదా. చిన్నప్పటినుంచీ 'నేను ఆడపిల్లను కాదు, మగపిల్లాడినే' అని ఒకటే మాట. తిట్టాం, కొట్టాం, తాయెత్తు కట్టించాం. మాట మారలేదు. చివరికి జుట్టు కత్తిరించుకుంది. ప్యాంటు, చొక్కా వేసుకుంది. పేరు మార్చుకుంది. సరే, బతికుంటే చాలనుకున్నాం. 'బాబూ' అని పిలవటం అలవాటు చేసుకుంటున్నాం. ఇంతలో సంక్రాంతి వచ్చింది. కనుమ మర్నాడు తెల్లారకముందే లేచి వాకిట్లో రథం ముగ్గు వేశాడు. చేతులకు గోరింటాకు పెట్టుకున్నాడు. ఊళ్ళో ఒకటే నవ్వు. 'మగాడైతే ముగ్గేంటి? గోరింటాకేంటి? ఇన్నాళ్ళూ ఆడింది నాటకమేనా?' అంటున్నారు. మా ఆయన సంబంధాలు చూస్తానంటున్నాడు. ముగ్గు మీద మనసు పోయిందంటే ఆడపిల్లేనట. పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయట. నాకేమీ పాలుపోవటం లేదు."

ఈ అక్కకు మనం ఏం చెబుదాం? చెప్పేముందు కొన్ని సంగతులు తెలుసుకుందాం.

ట్రాన్స్ పురుషుడు అంటే ఎవరు?

బిడ్డ పుట్టగానే మంత్రసానో, నర్సమ్మో ఒళ్ళు చూసి "ఆడపిల్ల" అనో, "మగపిల్లాడు" అనో చెబుతారు. చాలామంది విషయంలో ఆ మాట సరిపోతుంది. కొద్దిమంది విషయంలో సరిపోదు. ఊహ తెలిశాక, వాళ్ళ మనసు ఇంకో మాట చెబుతుంది. ఇలాంటి వాళ్ళను ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అంటున్నాం.

హిజ్రాలను మనం రైళ్ళలో, దుకాణాల దగ్గర చూస్తుంటాం. సాధారణంగా వాళ్ళు పుట్టినప్పుడు మగపిల్లలు అన్నారు. పెద్దయ్యాక వాళ్ళు ఆ మాట ఒప్పుకోలేదు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. కానీ అతను మగవాడు. అతన్ని ట్రాన్స్ పురుషుడు అంటారు.

వీళ్ళు మన కంటికి ఎక్కువగా కనపడరు. ఎందుకని? ఆడపిల్లగా పుట్టినవాళ్ళకు గడప దాటటమే కష్టం కదా. జుట్టు కత్తిరిస్తే తప్పు. చదువు మధ్యలో ఆపేస్తారు. తొందరగా పెళ్ళి చేసేస్తారు. మనసులో మాట మనసులోనే ఉండిపోతుంది. ఇది మనకు తెలియని కష్టం కాదు.

మరి ముగ్గు సంగతేమిటి?

మన పొలం సంగతే చూద్దాం. కలుపు తీసేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు మనం చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటాం. తలకు గుడ్డ చుట్టుకుంటాం. అంతమాత్రాన మగవాళ్ళం అయిపోయామా? లేదు. కొందరు అక్కలు ఆటో నడుపుతున్నారు. కొందరు పోలీసు ఉద్యోగం చేస్తున్నారు. వాళ్ళు ఆడవాళ్ళు కాకుండా పోయారా? పోలేదు.

ఇప్పుడు మగవాళ్ళ సంగతి చూద్దాం. పెళ్ళిలో వెయ్యిమందికి వంట చేసేది ఎవరు? ఎక్కువగా మగవాళ్ళే. బజారులో పూలదండ కట్టేది, మన జాకెట్టు కుట్టేది కూడా చాలాచోట్ల మగవాళ్ళే. చీరల కొట్లో కొంగు తన భుజం మీద వేసుకుని "చూడండమ్మా, ఎంత బాగుందో" అని చూపించేది మగవాడే. అతన్ని చూసి మనం నవ్వుతున్నామా?

మన ముత్తాతల పాత ఫోటో ఎక్కడైనా ఉంటే చూడండి. చెవులకు పోగులు ఉంటాయి. చేతికి కడియం ఉంటుంది. వెనక జుట్టు ముడి ఉంటుంది. ఆ రోజుల్లో అది మగవాడి సింగారం. ఇవాళ పెద్ద జుట్టు ఆడవాళ్ళది అంటున్నాం. కాలంతోపాటు సింగారం మారింది. మగవాళ్ళు మగవాళ్ళుగానే ఉన్నారు.

మన నాటకాల్లో స్థానం నరసింహారావు గారు అనే గొప్ప నటుడు ఉండేవారు. ఆయన బాపట్ల వారు. సత్యభామ, చింతామణి లాంటి ఆడవేషాలు కట్టి పేరు తెచ్చుకున్నారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడి నాట్యంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు అలాంటివారే. జడ వేసుకుని సత్యభామగా వస్తే జనం కళ్ళార్పకుండా చూసేవారు. 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. కర్నూలు జిల్లా ఆదోని మండలం సంతెకుడ్లూరులో హోళీ పండుగకు మగవాళ్ళు చీరలు కట్టుకుంటారు. నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని రతీ మన్మథులను పూజిస్తారు. అది మొక్కుబడి. వాళ్ళను చూసి "నువ్వు మగాడివి కాదు" అని ఎవరూ అనరు.

ఇదంతా ఎందుకు చెప్పుకుంటున్నాం? వేషం, నాట్యం, మొక్కు వేరు. ట్రాన్స్ పురుషుడి బతుకు వేరు. ఆ రెండూ ఒకటని కాదు. కానీ ఒక మాట మాత్రం తేలుతుంది. పూలు, పసుపు, చీర, ముగ్గు - ఇవేవీ ఒక మనిషి ఆడో మగో తేల్చవు. మిగతా మగవాళ్ళ విషయంలో మనం ఈ మాట ఒప్పుకుంటున్నాం. మరి ఆ అక్క కొడుకు విషయంలో ఎందుకు ఒప్పుకోం?

అతనికే ఎందుకు పరీక్ష?

మామూలు మగవాడిని ఎవరూ పరీక్ష పెట్టరు. అతను వంట చేసినా, ఏడ్చినా, గులాబీ రంగు చొక్కా వేసినా మగవాడే. ట్రాన్స్ పురుషుడికి మాత్రం రోజూ పరీక్షే. మీసం వచ్చిందా? గొంతు మారిందా? బరువు ఎత్తగలడా? ఒక్కచోట తప్పితే "చూశావా, ఆడదే" అంటారు.

ఈ భయంతో కొందరు తమకు ఇష్టమైనవి వదిలేస్తారు. కుట్టు వచ్చినా రాదంటారు. పాట వచ్చినా పాడరు. లేని మొరటుతనం తెచ్చుకుంటారు. నవ్వుతారేమోనని నచ్చిన రంగు బట్ట కూడా కట్టుకోరు. అలా ఎన్నాళ్ళు బతకగలరు?

ఇంకో సంగతి. చిన్నప్పుడు "ఆడపిల్లవి, ముగ్గు వెయ్యి" అని బలవంతం చేస్తే ఆ ముగ్గు మీద కోపం వస్తుంది. ముగ్గు పిండి ముట్టుకుంటే తనను ఆడపిల్ల అన్న మాట ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. ఇంట్లో "బాబూ" అని పిలవటం మొదలయ్యాక ఆ భయం తగ్గుతుంది. అప్పుడు ముగ్గు ముగ్గులాగానే కనపడుతుంది. చుక్కలు, గీతలు, రంగులు. చెయ్యి దానంతట అదే పోతుంది. ఆ అక్క కొడుకు కనుమ మర్నాడు ముగ్గు వేశాడంటే ఇల్లు అతనికి కాస్త ధైర్యం ఇచ్చిందని అర్థం కావచ్చు. అది అమ్మ మంచితనం వల్ల వచ్చిన ధైర్యమే.

ఒళ్ళు వేరు, ఇష్టం వేరు, మనిషి వేరు

కేరళలో జరిగిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలో 2023 ఫిబ్రవరి 8న ఒక ట్రాన్స్ పురుషుడు బిడ్డను కన్నాడు. అతని జతమనిషి ట్రాన్స్ మహిళ. ఇద్దరికీ బిడ్డ కావాలి. అతనికి గర్భసంచి ఉంది. అందుకని వాడుతున్న మగ హార్మోను మందులు ఆపి, బిడ్డను మోశాడు.

జనన పత్రంలో ఎవరిని తల్లి అని రాయాలి, ఎవరిని తండ్రి అని రాయాలి? ఆ గొడవ కోర్టుకు వెళ్ళింది. తల్లి, తండ్రి అని విడివిడిగా రాయకుండా ఇద్దరినీ "కన్నవారు" అని రాసి పత్రం ఇవ్వమని కేరళ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది. బిడ్డను మోసినా అతను మగవాడుగానే ఉన్నాడు. నెలలు మోసినవాడికే ఆ మాట వర్తిస్తే, ముగ్గు వేసినవాడికి వర్తించదా?

అలాగే ఎవరిని ప్రేమిస్తారన్నది కూడా వేరే సంగతి. అమ్మాయి మీద మనసు పడితేనే మగవాడు అన్న రూలు ఏమీ లేదు.

పెళ్ళి చేస్తే సర్దుకుంటుందా?

సర్దుకోదు. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన కొత్త జబ్బుల పట్టికలో దీన్ని మనసు జబ్బుల లెక్కలోంచి తీసేసింది. ఆ పట్టిక 2022 నుంచి అమలులోకి వచ్చింది. "మందులిచ్చి మామూలుగా మార్చేస్తాం" అని కొందరు డాక్టర్లు డబ్బు గుంజేవారు. అలా చెయ్యటం వృత్తికి తగని తప్పు అని 2022లో మన దేశంలోని జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. డాక్టరే చెయ్యకూడదన్న పని భూతవైద్యుడి చేత చేయిద్దామా?

బలవంతపు పెళ్ళి వల్ల ఏమవుతుంది? మన బిడ్డ బతుకు పోతుంది. ఏమీ ఎరగని ఇంకొకరి బతుకు కూడా పోతుంది. కొందరు ఇల్లు వదిలి పారిపోతారు. కొందరు ప్రాణం తీసుకోబోతారు. బిడ్డను పోగొట్టుకున్నాక ఊరి నవ్వు ఆగితే మాత్రం మనకు ఏం లాభం?

చట్టం ఏం చెప్పింది?

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. తాను ఆడో, మగో, మూడో లింగమో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అంది. అందుకు ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుపట్టకూడదు అంది. తనను తాను ఎలా అనుకుంటాడో దాన్ని బట్టల్లో, మాటల్లో, నడవడిలో చూపించుకోవటం కూడా మనిషి స్వేచ్ఛే అని చెప్పింది.

2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ఒక చట్టం చేసింది. అది 2020 జనవరి 10న అమలులోకి వచ్చింది. బడిలో, పనిలో, ఆస్పత్రిలో తేడా చూపకూడదని అందులో రాశారు. గుర్తింపు పత్రం కోసం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, దరఖాస్తు పెట్టుకునే దారి చూపారు. చట్టాల్లో మార్పులు వస్తుంటాయి. అందుకని దరఖాస్తు పెట్టేముందు ఇప్పటి నియమాలు అడిగి తెలుసుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు. అది కోర్టు ఆవరణలో ఉంటుంది. ఆడవాళ్ళకు అక్కడ వకీలు సాయం ఉచితం. 15100కి ఫోను చేసి కూడా అడగవచ్చు.

మనం ఏం చెయ్యగలం?

మొదటిది, పేరు. అతను పెట్టుకున్న పేరుతోనే పిలుద్దాం. పాత పేరు అలవాటుగా నోట్లోంచి వస్తే "పొరపాటయింది బాబూ" అని దిద్దుకుందాం.

రెండోది, మాట. ఆ అక్క మాటలు గమనించారా? మొదట "కత్తిరించుకుంది" అంది. తర్వాత "వేశాడు" అంది. మన తెలుగులో మాట చివర్లోనే ఆడో మగో తెలిసిపోతుంది. అందుకే ఆ చివరి అక్షరం అతనికి రోజుకు వందసార్లు గుచ్చుకోవచ్చు, వందసార్లు హాయినివ్వవచ్చు. గోరింటాకు పెట్టుకున్నా "వచ్చాడు" అనే అందాం.

మూడోది, ఒంటి గురించి అడగకుండా ఉందాం. ఏం ఆపరేషన్ అయింది, లోపల ఏముంది అని మనల్ని ఎవరైనా అడిగితే ఊరుకుంటామా?

నాలుగోది, ఆ తల్లిని ఒంటరిగా వదలకుండా ఉందాం. ఊరు నవ్వేది అతన్ని ఒక్కణ్ణే కాదు, ఆమెను కూడా. సంఘంలో నలుగురం ఆమె పక్కన నిలబడితే ఆ నవ్వు దానంతట అదే తగ్గుతుంది. ఆమె భర్తతో మాట్లాడటానికి కూడా నలుగురం వెళ్ళవచ్చు.

మన సంతకం గుర్తుందా?

మనలో చాలామందిమి నిన్నమొన్నటిదాకా వేలిముద్ర వేసినవాళ్ళమే. బ్యాంకులో ఎవరో మన పేరు రాసేవారు. అది తప్పో ఒప్పో మనకు తెలిసేది కాదు. మొదటిసారి మన చేత్తో మన పేరు రాసుకున్న రోజు గుర్తుందా? చెయ్యి వణికింది. అక్షరాలు వంకర పోయాయి. అయినా ఎంత సంతోషం! అప్పుడు కూడా కొందరు నవ్వారు. "ముసలిదానికి చదువేంటి? ఆడదానికి పలకేంటి?" అన్నారు. మనం పలక కింద పెట్టామా?

ఆ అక్క కొడుకు అడిగేదీ అదే. తన పేరు తాను రాసుకుంటానంటున్నాడు. ఆ పేరు పక్కన ఒక ముగ్గు కూడా వేసుకుంటానంటున్నాడు. వేసుకోనిద్దాం.

మాట్లాడుకుందాం

1. "ఇది ఆడపని, ఇది మగపని" అని మన ఊళ్ళో వేటిని అంటారు? వాటిలో ఏవి మారాయి?

2. ఆ అక్క మన సంఘంలో ఉంటే ఆమెతో మీరు ఏమంటారు? ఆమె భర్తతో ఏమంటారు?

3. మీ సంతకం ఒకసారి రాయండి. దాన్ని మొదటిసారి రాసిన రోజు సంగతి పక్కనున్న అక్కకు చెప్పండి.