రెండు రాజ్యముల పొలిమేర చెరువులు

కడపసీమలోని పోరుమామిళ్ల చెరువు చెంత నొక సంస్కృత శాసనము గలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు 1369లో వేయించినదది. వేయిమంది కూలీలు రెండేండ్లపాటు శ్రమించి యా చెరువును కట్టిరని యందు గలదు. మంచి చెరువునకు గావలసిన 12 సాధనములను, తగని 6 దోషములను లెక్కించి చెప్పుట దాని విశేషము. కట్టనుండి నీరూరుట, చవుడునేల, నడుమ మెరక మున్నగువానితోపాటు, రెండు రాజ్యముల యెల్లమీద చెరువుండుటయు నొక దోషముగ నెన్నబడినది. తక్కినవి నేల దోషములు, నీటి దోషములు, ఇదియొక్కటి మనుష్యులది. ఇద్దరు ప్రభువుల సొత్తయిన చెరువు ఏ యొక్కరి పూచీయు గాదు.

నేడు మన చెరువులనేకము లీ దోషమునకే లోనైనవని మా యభిప్రాయము. అందొక రాజ్యము గ్రామము, రెండవది సచివాలయము.

పూర్వము తూమెత్తి వంతులవారిగ నీరు పెట్టుటకు రాయలసీమయందు నీరుగంటి, తెలంగాణమున నీరటికాడు ఉండెడివారు. పంటకళ్లమున వారికి మేర కొలిచెడివారు. కట్టను కాపాడువారికి దశబంధ మాన్యములుండెను. పూడిక తీయుటకు ఊరు కదలెడిది; దానినే కుడిమరామతు అనిరి. ఈ యేర్పాటు నిష్కళంకమని మేమనజాలము. మన్ను మోసినవారు పేదలు. నీరు ముందు పారినది పెద్దల పొలములకు. అయినను గండి పడిననాడు ఎవరిని పిలువవలెనో ఊరికి తెలిసియుండెను. ఇంగ్లీషువారు చెన్నరాజధానిలో 1858 నాటి చట్టముచే ఈ శ్రమను నిర్బంధము గావించిరి. శిస్తు సర్కారునకు, చాకిరి రైతునకు అని తేలిన పిమ్మట వెనుకటి శ్రద్ధ నిలుచునా?

స్వతంత్ర భారతము ఈ లోపమును గుర్తింపకపోలేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము చిన్న నీటివనరులను, నీటి యాజమాన్యమును, వాటర్‌షెడ్ అభివృద్ధిని పంచాయతీల కప్పగింపదగిన విషయములలో చేర్చెను. ఆంధ్రప్రదేశ్ 1997లో చట్టము చేసి 10,000కు పైగా నీటి వినియోగదారుల సంఘములను నెలకొల్పెను. తెలంగాణము 2015లో మిషన్ కాకతీయ పేరిట 46,000కు పైగా చెరువుల పునరుద్ధరణకు పూనుకొనెను. సంకల్పములు మంచివే. కాని సంఘములకు ఎన్నికలు లేక యేండ్లు గడచిన సందర్భములు గలవు. పంచాయతీలకు విషయము దక్కినంతగ విత్తము దక్కలేదు. యంత్రము వచ్చి పూడిక తీసిపోవును. మరుసటి యేడు కట్టపై మొలచు తుమ్మను నరుకువాడెవడు?

అట్లని సర్వమును స్థానికులకే విడువుడని మేము చెప్పుటలేదు. కొల్లేటిని చూడుడు. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏళ్ల నీటిని నిలుపుకొని ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు విడుచు ఈ సరస్సు, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ప్రకృతి యమర్చిన వరదతొట్టి. 1970 దశకమున ప్రభుత్వమే స్థానిక సహకార సంఘములను చేపల చెరువులకు ప్రోత్సహించెను. క్రమముగ నవి ధనవంతుల చేతబడి, గట్లు సరస్సును క్రమ్మెను. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగ ప్రకటింపబడెను. 2002లో సరస్సు రామ్‌సార్ జాబితా కెక్కెను. 2006లో యంత్రములతో గట్లను కూల్చిరి. పిమ్మట మరల గట్లు లేచినవి. స్థానికాధికారము లోభమునకు లొంగెను. పైయధికారము కూల్చి మరలిపోయెను. నడుమ నలిగినవారు వలవేసి బ్రతుకు పేదలు.

ఇది లంకగ్రామముల గొడవయని పట్టణవాసు లుపేక్షింపరాదు. 2024 సెప్టెంబరులో అతివృష్టికి బుడమేటి మళ్లింపు కాలువకు గండ్లుపడి, విజయవాడలోని పేటలు దినములతరబడి నీట మునిగెను. బుడమేరు చేరవలసినది కొల్లేటికే. ఏటి యెగువ ఒకరి యధీనము, నగరపు పాయ ఇంకొకరిది, సరస్సు మరియొకరిది. వరదకు ఈ యెల్లలు తెలియునా?

2010 నాటి చిత్తడినేలల నిబంధనలు కేంద్రమున నొక ప్రాధికార సంస్థను నెలకొల్పెను. 2017 నాటి నిబంధనలు ఆ భారమును రాష్ట్ర సంస్థలకు మార్చెను. అధికారము ఢిల్లీనుండి రాష్ట్ర రాజధానికి దిగినది. చెరువుకట్ట వరకు దిగవలసియున్నది.

కావున పనులను బట్టి పూచీని పంచవలెనని మేము కోరుచున్నాము. తూము, పూడిక, గుర్రపుడెక్క, నీటివంతు గ్రామమువి. వానికై జీతముగల నీరటికానిని, నీటితీరువాలో భాగమును గ్రామమునకు విడువవలెను. వాగుమార్గము, అలుగు ఎత్తు, ఎగువదిగువల తగవులు పరీవాహప్రాంత మంతటివి. ఆ యూళ్లన్నిటికిని, భూమిలేని బెస్తలకును స్థానముగల మండలి వానిని తీర్పవలెను. హద్దురాళ్లును, ఆక్రమణకు శిక్షయు ప్రభుత్వమువి. అందు ఇరుగుపొరుగు మొగమోటమి పనికిరాదు.

తుద కొక మాట. శిఖము నేలను దున్నువారును, వాగుపై మేడలు కట్టువారును అన్యదేశీయులు గారు, మనలోనివారే. స్వరాజ్యమనగా అధికారమును కోరుట మాత్రమే గాదు. ఎవ్వరును చూడని వేళ హద్దురాతిని జరుపకుండుటయు నగును. పాఠక మహాశయులు తొలకరికి ముందు తమ యూరి చెరువుకట్టపై నొకమారు నడచి, తూమును, అలుగును, హద్దులను స్వయముగ చూచి, కనుగొన్న లోపమును గ్రామసభలో లిఖితముగ నుంచుదురుగాక.