ఆకాశవాణిలో ఉద్యోగాలు ఎలా పోతున్నాయి?

కంపెనీలో ఉద్యోగం పోతే చేతికి కాగితం ఇస్తారు. రేడియోలో చాలాసార్లు ఆ కాగితం కూడా ఉండదు.

రేడియోకు లైసెన్సు కట్టే రోజులు 1980లలోనే పోయాయి. 1997లో ప్రసార భారతి ఏర్పడింది. పేరుకు స్వతంత్ర సంస్థే గాని, ఖర్చులో పెద్ద భాగం కేంద్రం ఇచ్చే గ్రాంటే. 2007 అక్టోబరు 5 లోగా చేరినవారి జీతాలు కేంద్రం భరిస్తుంది. తరువాత వచ్చినవారికి ఆ భరోసా లేదు. రిటైరైనవారి కుర్చీలు ఎన్నో ఖాళీగానే ఉండిపోయాయి. ఆ పనిని క్యాజువల్ అనౌన్సర్లు నెట్టుకొస్తున్నారు. ఆడిషన్ నెగ్గినా వారికి నెలకు దొరికేది ఆరు డ్యూటీలే. చార్టులో పేరు లేకపోతే ఆ నెల ఆదాయమూ లేదు. దీన్ని ఉద్యోగం పోవడంగా ఏ లెక్కలోనూ రాయరు!

కొన్నిసార్లు ఉత్తర్వులూ వస్తాయి. ఖర్చు తగ్గింపు పేరుతో 2018 డిసెంబరులో జాతీయ ఛానెల్‌ను, హైదరాబాదుతో సహా ఐదు నగరాల్లోని శిక్షణ అకాడమీలను మూసేయమన్నారు. అమెరికాలోనూ 2025లో ప్రజా రేడియో, టీవీలకు ఇవ్వవలసిన 110 కోట్ల డాలర్లు రద్దయ్యాయి. ఆ డబ్బు పంచే సంస్థ సిబ్బందిలో ఎక్కువమందిని తీసేస్తున్నట్టు బహిరంగంగానే ప్రకటించింది.

మనకేమిటి నష్టం అంటారా? 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం మన పత్తి, మిరప చేలకు దగ్గరి గొంతు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసినప్పుడు రైతుకు కావలసింది ఢిల్లీ కబురు కాదు, లాం ఫారం శాస్త్రవేత్తను మన యాసలో ప్రశ్న అడిగే మనిషి. ఆ మనిషే ఇప్పుడు ఆరు డ్యూటీల మనిషి.

ఆడిషన్‌కు వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ తప్పక వెళ్లండి. బి.ఇడి. సీటు మాత్రం వదులుకోకండి.