'నుంచి' వచ్చే వాక్యాలు: ఇంగ్లీషులో ఏ కాలం?

'నేను పెద్దవంగరలో పదేళ్ళ నుంచి ఉంటున్నాను.' ఈ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే మనలో చాలామంది 'ఐ యామ్ లివింగ్ ఇన్ పెద్దవంగర సిన్స్ టెన్ ఇయర్స్' అంటాం. ప్రామాణిక ఇంగ్లీషులో ఇది తప్పు.

కారణం మన భాషలోనే ఉంది. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి తెలుగులో వర్తమాన క్రియే సరిపోతుంది. రష్యన్‌లోనూ అంతే. అందుకే రష్యన్ మాట్లాడేవారూ ఇక్కడే తడబడతారు. ఇంగ్లీషులో మాత్రం గతాన్ని వర్తమానంతో కలిపే ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలి.

ఈ రెండు వాక్యాలను పోల్చి చూడండి:

1. మహబూబాబాద్ 2016లో జిల్లా అయింది. ఇది ముగిసిన సంఘటన. కాబట్టి సింపుల్ పాస్ట్: 'మహబూబాబాద్ బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2016.'

2. మహబూబాబాద్ 2016 నుంచి జిల్లాగా ఉంది. ఈ స్థితి నేటికీ కొనసాగుతోంది. కాబట్టి 'ఈజ్' కాదు, 'హాజ్ బీన్': 'మహబూబాబాద్ హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2016.'

మొదలైన సమయం చెప్పేటప్పుడు 'సిన్స్', గడిచిన వ్యవధి చెప్పేటప్పుడు 'ఫర్' వాడండి. అంటే మొదటి వాక్యం 'ఐ హావ్ లివ్డ్ ఇన్ పెద్దవంగర ఫర్ టెన్ ఇయర్స్' అవుతుంది.

ఉద్యోగ దరఖాస్తు రాసేటప్పుడు ఈ తేడా మరీ ముఖ్యం. 'ఐ వాజ్ ఎ టీచర్ ఫర్ త్రీ ఇయర్స్' అని రాస్తే మీరు ఆ పని మానేశారని అర్థం. ఇప్పటికీ చేస్తుంటే 'ఐ హావ్ బీన్ ఎ టీచర్' అని రాయాలి.

సాధన: 'మా నాన్న ఇరవై ఏళ్ళుగా రైతు.' ఈ వాక్యాన్ని ఇంగ్లీషులో రాయండి. ఆయన ఇప్పుడు సేద్యం మానేసి ఉంటే ఏ మార్పు చేస్తారు?