ఆపరేషన్ ఒక్కటే దారి కాదు

వరంగల్ మండీబజార్‌లోనైనా, కాజీపేట దర్గా చుట్టుపక్కలైనా కుటుంబ నియంత్రణ అనగానే గుర్తుకొచ్చేది ఆపరేషనే. వైద్యపరమైన అవసరం ఉంటే తప్ప శాశ్వత పద్ధతిని చాలామంది ఉలమాలు సమ్మతించరు. దాంతో ఆపరేషన్ వద్దనుకున్న సోదరి ఏ జాగ్రత్తా లేక వెంటవెంటనే గర్భం దాల్చి రక్తహీనత పాలవుతుంది. ఈ రెంటికీ మధ్య దారులున్నాయి.

దైవప్రవక్త (స) కాలంలో, ఖుర్‌ఆన్ అవతరిస్తున్న రోజుల్లోనే సహాబాలు 'అజ్ల్' పాటించేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఇమామ్ గజాలీ దీనిని అనుమతించారు. అయితే భార్య సమ్మతి ఉండాలని చాలామంది ధర్మవేత్తలు షరతు పెట్టారు.

సమ్మతించాలంటే ముందు తెలియాలి. బహిష్టు మొదలైనప్పటి నుంచి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను వల్ల అండం ఎదుగుతుంది. ఈస్ట్రోజెన్ గర్భాశయపు లోపలి పొరను మందంగా చేస్తుంది. తర్వాతి బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అది బతికేది ఒక్కరోజే. కానీ వీర్యకణాలు 5 రోజుల దాకా ఉండగలవు. ఆపై ప్రొజెస్టిరాన్ ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే ఈ రెండు హార్మోన్లూ తగ్గి బహిష్టు వస్తుంది.

మాలా-ఎన్ మాత్రల్లోని హార్మోన్లు అండం విడుదలను ఆపుతాయి. రక్తపోటు ఉన్నవారు, ఆరు నెలల లోపు పాలిచ్చే తల్లులు వీటిని వాడరాదు. 'అంతరా' ఇంజెక్షన్ మూడు నెలలకొకటి. మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన మందే 'ఛాయా' మాత్ర. అందులో హార్మోను లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత ఒకటి వేసుకోవాలి. కాపర్-టి, నిరోధ్‌లలోనూ హార్మోను లేదు. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే.

ఇంజెక్షన్ వేసుకున్నాక రక్తస్రావం క్రమం తప్పడం మామూలే. నమాజు సంగతేమిటని సోదరీమణులు కలవరపడతారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం హైజ్ మూడు రోజులకు తగ్గదు, పదికి మించదు. రెండు హైజ్‌ల మధ్య కనీసం 15 రోజుల శుద్ధత ఉండాలి. ఈ హద్దులకు బయటిది ఇస్తిహాజా. అందులో నమాజు మానరాదు. రక్తం ఆగకపోతే ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకోవాలి. సందేహముంటే ఆలిమ్‌ను అడగాలి. రక్తస్రావం మరీ ఎక్కువైతే డాక్టరును కలవాలి.

చెప్పకుండా మందివ్వడం ఎంత తప్పో మన ప్రాంతం చూసింది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్‌ను పేద స్త్రీలపై పరీక్షించబోతే, వారికి వివరాలు చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆనాడు కోర్టులో అడిగిన హక్కును షరీఅత్ ఇంట్లోనే ఇచ్చింది.

కాబట్టి సోదరులారా! భార్యను వెంటబెట్టుకుని డాక్టరు వద్దకు వెళ్లండి. ఆమెను అడగనివ్వండి. నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోండి. తల్లి ఆరోగ్యం అల్లాహ్ మనకిచ్చిన అమానతు.