పదవీ విరమణానంతరము: సలహాదారుని ఎన్నుకొనుట

బిలాస్‌పూరు రైల్వే కాలనీలో ప్రతి మాసము చివరి దినమున కొందరి మెడలో పూలమాలలు పడును. గార్డులు, ఫిట్టర్లు, స్టేషను మాస్టర్లు, గుమాస్తాలు అరువదవ యేట పదవీ విరమణ చేయుదురు. గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు, మిగిలిన సెలవులకు జీతము, అమ్ముకొన్న పింఛను భాగము, అన్నియు కలసి ఒక్కమారుగా చేతికి అందును. ముప్పది యైదేండ్లు నెలజీతముతో గుట్టుగా సంసారము గడపిన మనిషి అంత సొమ్మును ఒక్కచోట ఎన్నడును చూచి యుండడు. మెడలోని మాల వాడకమునుపే గుమ్మము వద్దకు సలహాదారులు వచ్చి నిలుతురు.

ఈ పట్టణమున తెలుగువారి సంగతి కొంత ప్రత్యేకమైనది. నాగపూరు నుండి ఆసన్‌సోలు వరకు గల బెంగాల్ నాగపూరు రైల్వే మార్గము 1891లో పూర్తియైనది. ఆ రైల్వేలో కొలువు వెదకికొనుచు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి ఎందరో ఈ దిక్కునకు వచ్చిరి. 2003 నుండి బిలాస్‌పూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రము. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువారు హిందీని ధారాళముగా మాట్లాడుదురు. అయినను బాండు కాగితములోని హిందీ వేరు, బుధవారీ బజారులోని హిందీ వేరు. కావుననే ఎవరైన ఒకరు వచ్చి, "బాబాయిగారూ, మాది కూడా పాలకొండ వైపేనండి" అనగానే మనసు మెత్తబడును. భాషాభిమానము మంచిదే. కాని తెలుగు మాట్లాడుట యోగ్యతాపత్రము కాదు. ఊరిపేరు చెప్పి తెచ్చుకొన్న చనువును అడ్డు పెట్టుకొని సొమ్ము గుంజువారు ప్రతి భాషలోను కలరు.

వచ్చిన వానిని మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే. "నేను ఈ కాగితముపై సంతకము చేసినచో మీకు ఎంత వచ్చును? ఎవరు ఇత్తురు?" పెద్దలు ఇట్లు అడుగుటకు మొగమాటపడుదురు. నిజాయితీపరుడు ఈ ప్రశ్నకు కోపగింపడు. బీమా ఏజెంటుకు కంపెనీ కమీషను ఇచ్చును. మ్యూచువల్ ఫండు పంపిణీదారునకును అంతే. కమీషను తీసికొనుట నేరము కాదు, అతడు అమ్మకందారుడని మనము ఎరుగవలెను, అంతియే. పెట్టుబడి సలహాదారుడు వేరు. సెబీ 2013లో చేసిన నిబంధనల ననుసరించి అతడు నమోదు కావలెను. తన సలహాకు ఖాతాదారు వద్దనే రుసుము పుచ్చుకొనవలెను. అతని నమోదు సంఖ్య ఐ, ఎన్, ఏ అను ఆంగ్లాక్షరములతో మొదలగును. ఆ సంఖ్యను సెబీ జాబితాలో సరిచూచుట మనుమనికి ఐదు నిమిషముల పని. వకీలుకు బార్ కౌన్సిలులోను, చార్టర్డ్ అకౌంటెంటుకు వారి సంస్థలోను, వైద్యునికి వైద్య మండలిలోను ఇట్లే సంఖ్యలుండును. సంఖ్య ఉన్నంత మాత్రమున మంచివాడని కాదు. లేనివానితో మాత్రము మాట యింకేమియు అక్కరలేదు.

రెండవది తొందర. "రేపటితో గడువు ముగియును" అని చెప్పువానిని రేపటి తరువాతనే రమ్మనవలెను. పింఛనులో నూటికి నలువది వంతుల వరకు అమ్ముకొని మొత్తము సొమ్ము తీసికొనవచ్చును. ఆ భాగము తిరిగి కలియుటకు పదునైదేండ్లు పట్టును. అమ్ముకొనవలెనా, ఎంత అమ్ముకొనవలెను అనునది ఇంటి అవసరమును బట్టి, ఆరోగ్యమును బట్టి నిర్ణయింపవలసిన విషయము. దీనిని గూర్చి అడుగుటకు రుసుము చెల్లింప నవసరము లేదు. రైల్వే పర్సనల్ శాఖలోని వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు, పింఛనుదారుల సంఘమువారు ఉచితముగనే చెప్పుదురు. క్వార్టరు కొలది మాసములలో ఖాళీ చేయవలసి యుండుటచే తోర్వా వైపు ఇల్లు కొందమను ఆత్రుత సహజము. సొమ్ము అంతవరకు బ్యాంకులోనే యుండనిండు. 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల వరకు డిపాజిటు బీమా కలదు. పోస్టాఫీసులలోను బ్యాంకులలోను గల వయోవృద్ధుల పొదుపు పథకమున 2023 ఏప్రిలు నుండి ముప్పది లక్షల వరకు దాచుకొనవచ్చును. ప్రతి మూడు మాసములకు వడ్డీ వచ్చును. వీటిని మించి అత్యధిక వడ్డీ ఇత్తుమను కంపెనీ ఎదుటపడినపుడు, అనుమతి లేని డిపాజిటు పథకములను 2019 నాటి చట్టము నిషేధించినదని తలచుకొనవలెను.

ఒకవేళ మాటలో పడి జీవిత బీమా పాలసీ తీసికొన్నను, పత్రము చేతికి వచ్చిన నాటి నుండి ముప్పది దినములలో తిరిగి ఇచ్చివేయు హక్కు కలదు. దీనిని ఏజెంటు సామాన్యముగా గుర్తు చేయడు.

వకీలు విషయమున ఒక్క మాట. దావాలో వచ్చినదానిలో నాకు ఇంత భాగమని బేరమాడుట వకీళ్ల వృత్తి నియమములకు విరుద్ధము. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావలెను. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఇల్లు కుమారునికి దానపత్రముగా వ్రాయుచున్నచో, తమ పోషణభారము అతడు వహింపవలెనను షరతును అందు వ్రాయించుకొనుట మంచిది. అట్టి షరతు ఉండి, అతడు దానిని తప్పినచో, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము క్రింద ఆ దానమును రద్దు చేయించుకొనవచ్చును. సొంత బిడ్డపై షరతు ఏమిటని ఇంట్లో నొచ్చుకొనవచ్చును. ఆ నొప్పి నాలుగు దినములలో తగ్గును. న్యాయసలహా కొరకు 15100 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ఆరోగ్యమునకును దీనికిని సంబంధము కలదు. శుక్లములు ముదిరిన కంటికి చిన్న అక్షరములు కానరావు. చెవి మందగించినవారు వినబడని మాటకును తల ఊపుదురు. కావున సలహాదారుని వద్దకు పోవునపుడు కంటద్దములు, వినికిడి యంత్రము, నమ్మకమైన ఒక మనిషి వెంట నుండవలెను. నిన్నటివరకు లెక్కలో దిట్టయైన వ్యక్తి ఒకే బిల్లును రెండుమారులు చెల్లించుట, చిల్లర లెక్కకు తికమకపడుట మరపు వ్యాధికి తొలి గుర్తు కావచ్చును. అట్టివారిని సలహాదారుని వద్దకు గాక ముందు రైల్వే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఈ సంగతులన్నియు భర్తకు మాత్రమే తెలిసియుండుట చాల యిండ్లలో కనబడు లోపము. అతడు గతించిన పదియవనాడు, కుటుంబ పింఛను ఇప్పింతునని వచ్చువాని ఎదుట ఆ యిల్లాలు ఒంటరిగా కూర్చుండును. పింఛను చెల్లింపు ఉత్తర్వు ఏ పెట్టెలో నున్నదో, అందు తన పేరు సరిగా నున్నదో లేదో ఆమె ఎరుగదు. ఆ కాగితమును నేడే బయటకు తీసి ఇద్దరును కలసి చదువవలెను. నవంబరు మాసమున జీవన ధ్రువపత్రము పేరు చెప్పి ఫోనులో ఓటీపీ అడుగువానికి ఏమియు చెప్పరాదని ఆమెకును తెలిసి యుండవలెను.

మోసము జరిగినచో సిగ్గుపడి దాచిపెట్టువారే అధికులు. దాచిన దుఃఖము నిద్రను చెరచును, రక్తపోటును పెంచును. బ్యాంకు నుండి సొమ్ము పోయిన క్షణముననే 1930కి ఫోను చేయవలెను. ఆలసించిన కొలది సొమ్ము చేతులు మారిపోవును. తోడుగా మాట్లాడు మనిషి లేనిచో వయోవృద్ధుల కొరకు 14567 కలదు.